తలా ఇంత అనుమానం

"...అంటే అది నా పుట్టినరోజు కాదన్నమాట. మరెవరిది?"

"ఎవరిదీ కాదు. పాస్‌వర్డుగా పుట్టినరోజు పెట్టకూడదు. దొంగలు మొదట చూసేది అదే."

"దొంగలకి గుర్తుంటుంది నా పుట్టినరోజు. మీకు మాత్రం ఉండదు!"

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల మా అక్క, మా బావ. మా బావకి ఉన్నది ఒక్కటే జబ్బు, అనుమానం. దాని మీదే బతుకుతున్నాడు కూడా. కాలేజీలో అకౌంటింగ్ చెబుతూ పరిశోధన చేస్తాడు. మనిషి ఏ ఆశతో ఏ పని చేస్తాడు, ఉమ్మడి ఖర్చులో ఎవరి వాటా ఎంత, కంప్యూటర్లలో దొంగలు పడకుండా ఎంత ఖర్చు పెడితే గిట్టుబాటు అవుతుంది, ఇవీ ఆయన విషయాలు. అన్నిటినీ ఒక్క ప్రశ్నగా కుదించి జేబులో వేసుకు తిరుగుతాడు: "ఇందులో మీకేమిటి లాభం?"

ఒకసారి డాక్టరు రోజూ నడవమన్నాడు.

"నేను నడిస్తే మీకేమిటి లాభం?"

డాక్టరు పాపం నిజంగానే ఆలోచించాడు. "లాభమేముందండీ, నష్టమే. ఒంట్లో బాగుంటే మీరు మళ్లీ రారు."

మర్నాటి నుంచి మా బావ నడక మొదలుపెట్టాడు. తనకి నష్టం తెచ్చే మాట చెప్పేవాడు అబద్ధం ఆడడని ఆయన సిద్ధాంతం. ఆయన రాకపోతే నష్టమేమీ లేదని డాక్టరు తర్వాత నర్సుతో అన్నాడట.

వాళ్ల అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోయింది. బాగుచేయించే ఖర్చు అందరం సమానంగా వేసుకుందామన్నారు. ఎక్కువ వాడేవాళ్లు దీనిలో తప్పించుకుంటున్నారని మా బావకి అనుమానం వచ్చింది. లిఫ్టు బాగయ్యాక ఒక ఆదివారం దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి దొంగ దొరికాడు. ఇంటి తలుపుకి తాళం పడిందో లేదో చూసి రావడానికి అందరికంటే ఎక్కువసార్లు లిఫ్టెక్కింది తనే. ఎవరూ అడక్కుండానే పెద్ద వాటా ఇచ్చేశాడు. ఇందులో ఈయనకేమిటి లాభమని అపార్ట్‌మెంటంతా అనుమానపడింది.

అదే కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చి, ఆయన గదిలోనే బల్ల వేశారు. మొదటిరోజు కాఫీ తెచ్చి ఇచ్చాను.

"ఏం కావాలి?"

"ఏమీ వద్దు బావా."

"ఏమీ వద్దనేవాడితోనే జాగ్రత్తగా ఉండాలి" అని నా కప్పు తను తీసుకుని, తన కప్పు నా ముందుకు జరిపాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది మా టైపిస్టమ్మ. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆవిడ అందరికీ టైపిస్టమ్మే. జీతాలు సవరించామంటూ ఆఫీసుకి ఒక దొంగ మెయిల్ వచ్చింది. ఆవిడ అందులోని లింకు నొక్కింది. దాంతో ఎవరో కాలేజీ కంప్యూటర్లలోకి దూరి పరీక్ష ప్రశ్నపత్రాలన్నీ బయటపెట్టేశారు. పరీక్షలు ఆగిపోయాయి.

"ఉద్యోగం పీకేద్దాం" అన్నాడు ప్రిన్సిపాల్. "కానీ పద్ధతంటూ ఒకటుంది కదా, ముందు విచారణ జరగనివ్వండి."

విచారణకి మా బావని వేశాడు. అంతకంటే అనుమానప్పక్షి కాలేజీలో ఇంకెవరున్నారు?

"మీ బావగారా! ఇంకేముంది, అయిపోయినట్టే" అంది టైపిస్టమ్మ నాతో, సొరుగులోంచి దువ్వెన, గ్లాసు తీసి సంచిలో పెట్టుకుంటూ. "మా ఇల్లు నడిచేది నా జీతం మీదే సార్. ఆ మాట చెప్పినా ఆయన నమ్మరు."

విచారణ మా గదిలోనే జరిగింది.

"లింకు నొక్కగానే తేడా తెలిసిందా?" అన్నాడు మా బావ.

"తెలిసిందండీ. తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వచ్చింది."

"వెంటనే ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ తలుపు వైపు చూసింది.

"పోనీ, చెబితే మీకేమిటి లాభం?"

"లాభమా!" ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇదివరకు ఇలాగే నొక్కి, వెళ్లి చెప్పిన గుమాస్తాని ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు కదండీ!"

మా బావ పెన్ను మూసేశాడు. "సరే, వెళ్లండి."

ఆవిడ పని అయిపోయిందనుకున్నాను. ఆ వారం మా బావ ఎవరు కనబడినా ఎగాదిగా చూసేవాడు. లైబ్రేరియన్ ఆయన్ని తప్పించుకోవడానికి వెనకమెట్ల మీంచి తిరగడం మొదలుపెట్టాడు. అప్పుడే నాకో మెయిల్ వచ్చింది: "మీ బావ గురించి మీకు తెలియని నిజం." నొక్కాను. ఖాళీ పేజీ. గబుక్కున మూసేసి, ఎవరైనా చూశారా అని తలెత్తాను. ఎదురుగా మా బావ శ్రద్ధగా పెన్సిలు చెక్కుతున్నాడు.

తీర్పు రోజున సమావేశానికి అందరం వెళ్లాం. టైపిస్టమ్మ తలుపు దగ్గర నిలబడింది, సంచితో సహా.

"తేలిందా మాస్టారూ?" అన్నాడు ప్రిన్సిపాల్.

"తేలిందండి. ఈ గదిలో ఉన్నవాళ్లందరూ దోషులే."

"ఏమిటా మాటలు!"

"ఈ వారం అందరికీ తలా ఒక దొంగ మెయిల్ పంపాను. ఎవరి ఆశకి తగ్గ గాలం వాళ్లకి. లైబ్రేరియన్ గారికి, పోయిన పుస్తకాల ఆచూకీ. తమరికి, ఉత్తమ ప్రిన్సిపాల్ పురస్కారం. అందరూ నొక్కారు."

ప్రిన్సిపాల్ మొహం కందగడ్డయింది. "మరి మీరో? మీరొక్కరే బుద్ధిమంతులా?"

"నాకు నేను గాలం వేసుకోలేను కదండీ, మా ఆవిడ చేత వేయించాను. మీ వ్యాసంలో లెక్క తప్పిందని రాసింది. నొక్కేశాను."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది కాదండి నా అనుమానం. నొక్కాక ఒక్కరైనా నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నాకేమిటయ్యా లాభం, పరువు పోవడం తప్ప!" అని అరిచాడు ప్రిన్సిపాల్.

"ఆవిడ కూడా అచ్చం అదే అన్నారండి" అన్నాడు మా బావ.



"అంటే ఇకనుంచి మమ్మల్నందరినీ అనుమానిస్తారా?" అని గొణిగాడు లైబ్రేరియన్.

"మొదట్నుంచీ అదే చేస్తున్నాను. అనుమానమూ ఉమ్మడి ఖర్చులాంటిదే. మొత్తం ఒక్కరి నెత్తిన వేస్తే చితికిపోతారు. అందరికీ పంచితే ఎవరి వాటా వాళ్లు మోస్తారు."

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని లేచాడు.

"కొత్త ప్రశ్నపత్రాలు తలా ఒకటి తయారుచేద్దాం, నాతో సహా. ఇకమీదట ఎవరు ఏ దొంగ మెయిల్ నొక్కినా వెంటనే వెళ్లి టైపిస్టమ్మతో చెప్పాలి. చెప్పినవాళ్లకి శిక్ష ఉండదు. అమ్మా, ఆ సంచి అక్కడ పెట్టి మొదట నా పేరు రాసుకోండి."