ఇగ చెప్పు

మొన్న ఆదివారం మా మనవడు నా మంచం మీద నాలుగు రకాల చేతి రేడియోలు పరిచి, తాతా, వీటిలో ఏవి కొనమంటావు అని అడిగాడు. వాడూ వాడి స్నేహితులూ ఊరవతల రాళ్ళగుట్టల్లో ఒక ఆట పెడుతున్నారట. ఆడేవాళ్ళందరూ వేషాలు వేసుకుని, పొద్దుటినించి పొద్దుగూకేదాకా రాజు రాజులాగే, వేగులవాడు వేగులవాడిలాగే తిరుగుతూ, తింటూ, పోట్లాడుకుంటూ ఉండాలి. రాసిపెట్టిన మాటలుండవు, చూడవచ్చేవాళ్ళుండరు. ఆట నడిపించేవాళ్ళు మాత్రం గుట్టకి అటొకరూ ఇటొకరూ నిలబడి, కథ దారి తప్పకుండా ఈ రేడియోల్లో మాట్లాడుకోవాలి. దానికి దూరం పోయేది మంచిదా, తేలికగా ఉండేది మంచిదా అన్నది వాడి సందేహం.

నన్ను అడగడమే వాడి పొరపాటు. నేను దిండుకి చేరబడి, ఒరే నాయనా, అరవైతొమ్మిదిలో ఈ హైదరాబాదులో పోలీసుల తరవాత వైర్‌లెస్ నడిపినవాణ్ణి నేనే, అడిక్‌మెట్ గుట్ట దగ్గర నేను మాట్లాడితే లోయర్ ట్యాంక్ బండ్ మీద నా స్నేహితుడికి గంట కొట్టినట్టు వినిపించేది, నా కింద రెండు రాజ్యాలూ వంద మంది సైన్యమూ ఉండేవి అని చెప్పేశాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఈ రోజుల్లో మన మాటకి నోరు తెరిచేవాళ్ళు దొరకడమే కష్టం కనుక, ఆ గుట్టని ఇంకొంచెం ఎత్తు కూడా చేశాను.

మీరు నా ఈడువాళ్ళు, మీ దగ్గర ఇది నిలవదు. సైన్యం వంద మంది కారు, పాతిక మంది ఉంటారేమో, అందులో సగం మంది ఎండెక్కితే ఇంటికి పోయే రకం. లోయర్ ట్యాంక్ బండ్ సంగతి పూర్తిగా నా కల్పన. ఒక గుట్టకి ఈ పక్క నేనూ ఆ పక్క అతనూ, అంతే దూరం. మిగతాదంతా నిజమేనని అనుకుంటూ ఇన్నేళ్ళూ బతికాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్ళం. రాష్ట్రం ఏర్పడగానే మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. మేడ మీద మేము, కింద ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళ పెద్దబ్బాయిదీ నాదీ ఒకే ఈడు, నారాయణగూడలో ఒకే కాలేజీ. అతనిది పుట్టుకతో గట్టి గొంతు. వాకిట్లో నిలబడి నన్ను పిలిస్తే వీధి చివర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. నా మాట మాత్రం నా చొక్కా గుండీలకి తప్ప ఎవరికీ వినపడదని మా అమ్మ దెప్పుతూ ఉండేది.

వేసవి సెలవుల్లో మేమిద్దరం కలిసి పెట్టేదే ఆ రాజ్యాల ఆట. అడిక్‌మెట్ అవతల ఇంకా ఇళ్ళు పడని రాళ్ళగుట్టకి అటు పడమటి రాజ్యం, ఇటు తూర్పు రాజ్యం, నాటకాలవాళ్ళని బతిమాలి తెచ్చిన కిరీటాలు, అట్టముక్కల కత్తులు, మాకంటే రెండేళ్ళు చిన్నదైన అతని చెల్లెలు పడమటి రాణి. మేమిద్దరం సూత్రధారులం. చిక్కల్లా గుట్ట అవతల జరిగేది ఇవతలివాడికి తెలియకపోవడమే. ముందటేడు పడమటి రాజు పట్టుబడి పులిహోర కూడా తినేశాక, ఆ కబురు నాకు అందక, నా సైన్యం అతనికోసం సాయంత్రం దాకా ఎండలో కాపు కాసింది. ఈల వేస్తే అందరికీ తెలుస్తుంది, జెండా ఊపితే వేగులవాళ్ళు చూస్తారు. అందుకని ఆ ఏడు రేడియోలు సంపాదిద్దామనుకున్నాం.

నారాయణగూడలో రేడియోలు బాగుచేసే ఒక సాబు మా ముందు మూడు రకాలు పెట్టాడు. ఒకటి సైన్యంవాళ్ళు వదిలేసిన ఆకుపచ్చ పెట్టె. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి, దాని బ్యాటరీకి ఇంకో ఇద్దరు. రెండోది చుట్టెడు తీగతో టెలిఫోను జత. మూడోది ఎవరో బయటి దేశం నుంచి తెచ్చి, బాగుచేయమని ఇచ్చి, మళ్ళీ మొహం చూపించని చేతి రేడియోల జత. సాబుకి మూడూ ఫస్ట్ క్లాసే. మావాడు తీగ టెలిఫోను పట్టుకుని వదల్లేదు. "తీగ ఉంటె ఆ తీగ పట్టుకొనన్న నీ దాక వస్తరా. గాలిని ఏం నమ్ముతం?" అన్నాడు. నేను ఒప్పుకుంటానా? తీగ వెంట శత్రువు కూడా నడిచొస్తాడన్నాను, పూర్వకాలపు రాజులకి అశరీరవాణి ఉండేది గానీ తీగ ఉండేది కాదన్నాను, చివరికి అతను విసిగి చేతులు జోడించేదాకా వాదించి చేతి రేడియోలే తీసుకున్నాను. రోజులు మంచిగ లెవ్వు బేటా, సంచిల వెట్టుకోని పొండ్రి అని సాబు హెచ్చరించాడు. తోటకూర కట్టల కింద దాచుకుని తెచ్చుకున్నాం.

ఆ రేడియోల పద్ధతి ఏమిటంటే, బొత్తాం నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఇద్దరికీ వినపడదు. కనుక నా మాట అయిపోయింది, ఇక నీ వంతు అని చెప్పడానికి ఒక మాట కావాలి. సిపాయిలు వైర్‌లెస్‌లో అనే ఓవర్ అన్న మాట మన రాజులకి నప్పదు. సెలవు అందామన్నాను నేను. సెలవంటె పోయినట్టు గదరా, మాట నీ చేతుల పెడుతున్న అన్నట్టుండాలె, ఇగ చెప్పు అందం అన్నాడతను. అదే ఖాయమైంది. ఆ అలవాటు నోటికి ఎంత పట్టిందంటే, అన్నాల దగ్గర మా అమ్మతో కూడా పప్పులో ఉప్పు తక్కువైంది, ఇగ చెప్పు అనేవాణ్ణి.

ఆ ఏడు ఊరు ఎలా ఉండేదో మన తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలని జనం వీధుల్లోకి వచ్చారు, కాలేజీలు మూతపడ్డాయి, కర్ఫ్యూలు మొదలయ్యాయి. కింద ఇంట్లోవాళ్ళు కోరుకునేదానికి మేడ మీద మేము భయపడేవాళ్ళం. మెట్ల దగ్గర ఎదురుపడితే పెద్దవాళ్ళు ఒకరికొకరు ఎంతో మర్యాదగా తప్పుకునేవాళ్ళు. అల్లరి చూస్తే వెయ్యని భయం నాకు ఆ మర్యాద చూస్తే వేసేది. ఊరు ఊరంతా బొత్తాం నొక్కిపట్టుకుని ఉంది, వదిలినవాడు లేడు. ఇంటాయన ఒకరోజు పైకొచ్చి, మా ఇంట్ల ఉన్నన్ని రోజులు మీ జోలికి ఎవ్వడు రాడు సార్ అని మా నాన్నగారి చెయ్యి పట్టుకున్నారు. ఆ మాటకి నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని, విజయవాడకి బదిలీ పెట్టుకున్నారు.

రేపు ప్రయాణమనగా, ఆట ఎలాగూ లేదు, రేడియోలు సాబుకి ఇచ్చేసే ముందు ఒక్కసారైనా మాట్లాడి చూద్దామని గుట్టకి వెళ్ళాం. నన్ను అడగాలనుకునీ ఎదురుగా అడగలేని మాటేదో అతని దగ్గర ఉందని దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. అతనూ చెల్లెలూ గుట్ట అవతలికి పోయారు, నేను ఇవతల బండ నీడన కూర్చుని రేడియో చెవికి ఆనించుకున్నాను. ముందు గరగర, ఆ తరవాత, బావిలోంచి వచ్చినట్టు, అతని గొంతు: మళ్ల వస్తవారా? నువ్వొచ్చేదాక ఆట ఆపాల్నా? ఇగ చెప్పు.

ఆ గొంతుకి గుట్ట మీది పావురాలు గుంపుగా లేచిపోయాయి. ఇంత చిన్న డబ్బాకి ఎంత సత్తువ అని ఆశ్చర్యపోయాను. బొత్తాం నొక్కి, ఆపు, తప్పకుండా వస్తాను, నేను లేకుండా పెట్టొద్దు, ఇగ చెప్పు అన్నాను. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నా మాట ఇంకోసారి వినాలనిపించిందేమో అనుకుని మళ్ళీ అదే జవాబు చెప్పాను. అలా చాలాసార్లు అయ్యాక గొంతు ఆగిపోయింది, బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. ఇంతలో మా నాన్నగారు రిక్షాలో వెతుక్కుంటూ వచ్చి, కర్ఫ్యూ వేళవుతోందని గదమాయించి నన్ను అట్నుంచి అటే ఇంటికి తీసుకుపోయారు. మర్నాడు మా సామాను లారీకెక్కుతున్నంతసేపూ అతను మా వైపు రాలేదు.

మరుసటి వేసవిలో అతను ఇంకెవరినో సూత్రధారిగా పెట్టుకుని ఆట ఆడించాడని తెలిసింది. అన్నిసార్లు చెప్పించుకుని కూడా ఆపలేదే అన్న కినుక నా లోపల గడ్డకట్టుకుపోయింది. కొన్నేళ్ళకి ఉద్యోగం నన్ను మళ్ళీ ఈ ఊరికే తెచ్చింది. అశోక్ నగర్‌లో, అతని ఇంటికి నడిచిపోయేంత దూరంలో, జీవితమంతా గడిపాను. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే భోజనమైందా అంటే అయిందా అనుకునేవాళ్ళం, మా పెద్దవాళ్ళు మెట్ల మీద తప్పుకున్నట్టే మర్యాదగా. గుట్ట మాట అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు. కరోనా వచ్చిన ఏడు అతను పోయాడు. చివరిచూపుకి కూడా వెళ్ళనివ్వలేదు.

ఆ గుట్టని పగలగొట్టి ఎన్నడో ఇళ్ళు కట్టేశారు. మనవడు రేడియోలు కొననే కొన్నాడు. వాడి స్నేహితుడు నారాయణగూడ చౌరస్తాలో నిలబడి మాట్లాడితే నా మంచం మీద వాడి ఊపిరి కూడా వినిపించింది. బొత్తాం నొక్కి ఏదన్నా మాట్లాడు తాతా అని డబ్బా నా చేతికిచ్చాడు. ఎవరితో మాట్లాడను? దూరాలన్నీ ఇలా దగ్గరయ్యేసరికి, నన్ను ఏదైనా అడగదలుచుకున్నవాళ్ళు అందనంత దూరం పోయారు.

ఇంతవరకూ రాసి, తప్పులేమైనా ఉంటే చెబుతుందని, ఇప్పటికీ చిక్కడపల్లిలోనే ఉంటున్న అతని చెల్లెలికి, ఆనాటి పడమటి రాణికి, చదివి వినిపించాను. పావురాలు లేచిన చోటికి రాగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం రేడియో అన్నా? మా దిక్కుది ఎన్నడు పలకలే. కుయ్యి లేదు, కయ్యి లేదు. మా అన్న దాన్ని నా చేతుల వెట్టి, బండ ఎక్కి ఒర్లిండు. ఇగ చెప్పు, ఇగ చెప్పు అని గొంతు పోయేదాక ఒర్లిండు. తెల్లారి మీరు పోతుంటె తలుపు సాటుకే నిలవడ్డడు, పిలుద్దమంటె నోట్లకెల్లి మాట రాకపాయె. నువ్వేమో ఆ డబ్బాతోని గుసగుస పెట్టుకుంటివి. వస్త అని జర గట్టిగ ఒక్కపారి ఒర్లితె ఏం పోతుండె నీది?"