పక్క సీటు బ్రేకు

"విమానం కూలిపోతుందేమోనని కాదమ్మాయ్. కూలితే అందరితోపాటు నేనూ. దానికి నేనేం చెయ్యగలను? అద్దం చూసుకో. ఆఁ, ఇప్పుడు తిప్పు. నా భయం అది కాదంటున్నా."

స్టీరింగు పట్టుకున్న మందుల షాపావిడ అద్దం చూసుకుంది. ఎందుకైనా మంచిదని బ్రేకు కూడా తొక్కేసింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. రోడ్డు మీద పిల్లి కూడా లేదు.

"ఎవరొచ్చారని తొక్కావు?"

"ఎవరైనా వస్తారేమోనని, టీచర్."

"సరే, ఎలాగూ ఆపావు. పక్కకి తీసి పెట్టు. కాసేపు మాట్లాడుకుందాం. ఇవాళ నాకూ మనసు మనసులో లేదు."

ఆ టీచర్ని ఆ వీధుల్లో అందరూ బ్రేకత్తయ్య అంటారు. కారు నడపడం నేర్పడం ఆమె పని. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారులో తొక్కడం మరిచిపోతే ఆమె తొక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ పెడలు మీద పాదం ఆనించి కూర్చోబట్టి, ఆ పాదానికి సొంత బుద్ధి పుట్టింది. బస్సు మలుపు తిరిగినా, లిఫ్టు కిందికి దిగినా కుడికాలు దానంతటదే నేలని నొక్కుతుంది. "నిద్రలో నా పిక్క మీద బ్రేకేస్తుంది. నేనెక్కడికి పారిపోతున్నానో మరి," అంటాడు ఆమె భర్త, విన్నవాళ్లకల్లా.

ఆ కారులోనే ఆమె తన తమ్ముడి కూతురికీ నేర్పింది. ఇంట్లో అందరికీ ఆ పిల్ల చిన్నదే. అత్త నేర్పింది మెల్లగా వెళ్లడం. మేనకోడలికి అబ్బింది మాత్రం ఇంకొకటి. ఇప్పుడు పరదేశంలో కార్ల పందేల్లో నడుపుతోంది. చిన్నదాని కారులో కెమెరా బిగిస్తారు. అది చూపించేదంతా ఇక్కడ కంప్యూటర్లో కనబడుతుంది. పందెం రోజున తమ్ముడూ మరదలూ ఫోన్లు ఆపేసి, ఉన్న పనీ లేని పనీ కల్పించుకుని ఇల్లు కడుక్కుంటూ ఉంటారు. చూసేది అత్త ఒక్కతే. చెప్పులు విప్పేసి, కుర్చీ అంచున కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడిపాదంతో నేలని అదిమిపెడుతుంది. కుర్చీ ముందు చాప ఆ ఒక్కచోటే చిరిగిపోయింది. పందెం అయిపోయాక చిన్నది ఫోన్ చేసేదాకా ఆమె పాదం పైకి లేవదు.

కిందటేడు ఒక్కసారి అలా కూర్చోలేకపోయింది. తన దగ్గర నేర్చుకున్నతని లైసెన్సు పరీక్ష ఆలస్యమై, ఆఫీసు వరండాలోనే పొద్దుపోయింది. ఆ రోజే ఒక మలుపులో చిన్నదాని కారు వెళ్లి గోడకి కొట్టుకుంది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీంచి ఫోన్ చేసి, "అత్తా, నేను బ్రేకేశాను. నువ్వే వెయ్యలేదు," అని నవ్వింది. పక్కనుంచి విన్న భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వు అత్త గొంతులో ముల్లులా అడ్డం పడింది. ఇప్పటికీ దిగలేదు.

"ఇక కిందటి నెల ఫోన్ చేసింది," అంది షాపావిడతో. "ఎముక అతుక్కుంది, వచ్చే నెల మళ్లీ ఎక్కుతున్నా, నువ్వు రావాలత్తా అంది. నేనొచ్చి ఏం చేస్తానే, ఇక్కణ్ణుంచి చూస్తాగా అన్నాను.  అప్పుడది మెల్లగా, 'నాకు భయంగా ఉందత్తా. అమ్మకి చెప్పకు' అంది."

షాపావిడ స్టీరింగు మీంచి చేతులు తీసి ఆమె వైపు తిరిగింది.

"నడక రాకముందే మంచం మీంచి దూకిన పిల్ల అది. దాని నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.  ముందూ వెనకా చూడకుండా వస్తున్నానని చెప్పేశా."

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. వీసా అయితే వచ్చేసింది, గదీ దొరికింది. పందెం కార్ల మోతకి చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు కూడా కొంది. నిన్న భర్తని వెంటబెట్టుకుని పందెం టికెట్లమ్మే ఆఫీసుకి వెళ్లింది. అక్కడి కుర్రాయన కంప్యూటర్లో పందెం దారి బొమ్మ చూపించాడు. ఊడిపోయిన బూటు లేసులా మెలికలు తిరిగి ఉంది.

"ఏ మలుపు దగ్గర కూర్చుంటారండీ?"

"అన్నీ కనబడే చోట."

"అలాంటి చోటు లేదండీ. ఎక్కడ కూర్చున్నా ఒక మలుపే. మిగతావి పెద్ద తెర మీద వేస్తారు. అదీ ఎక్కువగా ముందున్న కార్లనే."

ఆమె గుండె జారి అరికాల్లోకొచ్చింది. ఆ అరికాలు మేజా కింద నేలని వెతుక్కుంది.

"శుక్రవారం సాధనంట, శనివారం ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగంట, ఆదివారం అసలు పందెమంట. రోజుకో మలుపు దగ్గర కూర్చోవచ్చు కదే," అన్నాడు భర్త.

"మీకు వేళాకోళంగా ఉంది."

అన్నిటికంటే గడ్డు మలుపు ఏదని అడిగి, దాని ఎదుటి సీటే తీసుకుంది. టికెట్టు సంచిలో పడిన క్షణం నుంచి నోటికి ముద్ద పోవడం లేదు.

"అర్థమైందా అమ్మాయ్? ఇక్కడుంటే అన్ని మలుపులూ నావే. కానీ అది అక్కడ ఒక్కతే భయపడుతూ ఎక్కుతుంది. వెళ్లానా, ఒక్క మలుపే నాది. మిగతా వాటిలో దాని పక్కన ఎవరున్నట్టు? ముందు నుయ్యి, వెనక గొయ్యి." ఆమె చీరకొంగుతో అరచేతులు తుడుచుకుంది. "ఇది పిచ్చని నాకూ తెలుసు. ఇక్కడ నేల నొక్కితే అక్కడ కారు ఆగదని తెలియకేం? తెలిసినంత మాత్రాన భయం పోయేదైతే, నీ షాపులో సగం మందులు అమ్ముడుపోవు."

"అది నిజమే టీచర్. పోనీ ఇక్కడ మీ కుర్చీలో మీవారిని కూర్చోబెట్టకూడదా?"

"ఆయన్నా? మొదటి మలుపు తిరక్కముందే గురక పెడతాడు."

 అత్తయ్య చూపు యథాలాపంగా కిందికి వెళ్లి, షాపావిడ కాలి మీద ఆగింది. ఇంజను ఎప్పుడో ఆపేశారు. చేతి బ్రేకు కూడా పైకి లాగే ఉంది. అయినా ఆ కాలు మాత్రం పెడలుని నేలకంటా అదిమిపెట్టి ఉంది. మడమ దగ్గర నరం ఉబ్బింది.

"ఇంకా తొక్కే ఉన్నావేంటి?"

షాపావిడ సిగ్గుపడి కాలు తీయబోయింది.

"వద్దు, ఉండనీ." అత్తయ్య ఆ కాలు వంకే చూస్తూ ఉండిపోయింది. పొద్దుటినుంచి పట్టేసినట్టున్న ఊపిరి కొంచెం వదిలింది. "ఆ ఆదివారం షాపు మీ చెల్లెలికి అప్పజెప్పి మా ఇంటికి రా. కంప్యూటరు మా ఆయన పెట్టిస్తాడు. కుర్చీ ముందు చాప చిరిగి ఉంటుంది, సరిగ్గా అక్కడే పాదం పెట్టు. ఆ గడ్డు మలుపు నేను చూసుకుంటా. మిగతావన్నీ నీవి. చెప్పులు విప్పి తొక్కమ్మా, అది ఫోన్ చేసేదాకా కాలు తియ్యకు. ఇక దిగు, నీ షాపుకి టైమైంది."