ఉచిత కీబోర్డు, దుబాయి వదినె పాస్‌పోర్ట్

ఆ రోజుల్ల కంప్యూటర్ ముంగట కూసున్నోళ్లంటే జనానికి మస్తు మర్యాద; మాకు మా మీద ఇంకా మస్తు. డిగ్రీ అయిపోయి మెట్‌పల్లిల మా మేనమామ ఇంటర్నెట్ దుకాణంల కూసున్న నేను, మౌసు పట్టుకుంటే లోకమంత నా చేతులనే ఉన్నదనుకునేదాన్ని (లోకమే నన్ను పట్టుకున్నదని తర్వాత తెలిసింది). మా మామకు ఒక్కటే జబ్బు: ఉచితమని కనవడ్డదల్లా దించుకునుడు. ఒకనాడు తెలుగుల టైపు చేసే ఉచిత కీబోర్డు సాఫ్ట్‌వేర్ దొరకవట్టిండు. అది ఎక్కించేముందు తెర మీద చాంతాడంత షరతులు వచ్చినయి. "గదంత చదివితే పొద్దుగూకుతది, ఓకే కొట్టు బిడ్డా," అన్నడు. కంప్యూటర్ చదువు చదివిన నేను ఒక్క అక్షరం చూడకుంట కొట్టిన.

మొదట్ల అది బంగారమసొంటిది. ఒక్క మాట కొడితే మిగతాది అదే రాసేది. "చూసిండ్రా, ఎంత తెలివున్నదో!" అని మామ వచ్చినోళ్లందరికి చూపిచ్చెటోడు. దానికున్నది తెలివి కాదు, దొంగబుద్ధి. మా మూడు కంప్యూటర్లల్ల ఎవలు ఏం కొట్టినా మూటగట్టి, ఏడున్నదో ఎరుక లేని కంపెనీకి పంపుతుండె; అట్ల నేర్చుకున్న మాటలనే తెచ్చి మళ్ల మా ముంగట పెడుతుండె.

మా ఇంటిపక్క దుబాయి వదినె (పెనిమిటి దుబాయిల ఉంటడు గన్క ఆ పేరు) మధ్యాహ్నం జనం లేనప్పుడు వచ్చి, మూలకున్న కంప్యూటర్ల ఆయనకు మెయిల్ రాసుకునేది. "ఎవలన్న చూస్తరా పిల్లా?" అని ప్రతిసారి అడిగేది. "నేనున్న గద వదినే, ఫికర్ చెయ్యకు," అని ఛాతి ఇరుచుకొని చెప్పేదాన్ని.

ఒకరోజు ఆమె అత్తనే వచ్చింది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి, కండ్లద్దాలు పెట్టుకొని నా పక్కనే కూసున్నది. "నా కొడుక్కి మెయిల్ రాయి. కొడుకా, నీ పెండ్లాం ఎటు పోతుందో, ఎప్పుడొస్తుందో అత్తకు చెప్తలేదు..." నేను 'అత్తకు' అని కొట్టి స్పేస్ నొక్కిన్నో లేదో, కీబోర్డు హుషారుగ పూర్తి చేసింది: "అత్తకు చెప్పకు, నా పాస్‌పోర్ట్ వచ్చింది. నీ దగ్గరికే వస్త."

నేను చెరిపేసేలోపే ఆమె కూడబలుక్కొని చదివింది. "ఇది నేన్ జెప్పలే. ఎవల్ రాసిండ్రు?"

నేను గబగబ చెరిపేసిన. "మిషిన్ రాసింది పెద్దమ్మా."

"మిషిన్‌కు అత్త ఉంటదా?" అని లేచి పోయింది.

సాయంత్రం వదినె వచ్చింది. ఏడ్వలే, గట్టిగ ఒర్రలే, గందుకే నాకు ఇంకా పరేషానైంది. "నా మెయిళ్లు చదివినవా?"

"అవ్వతోడు చదవలే వదినే. ఆ కంపెనోళ్లు తీసుకుంటుండ్రు."

"గా కంపెనోళ్లకు నేనేమైత? నా మొగనికి రాసుకున్న ముచ్చట వాళ్లకెందుకు?"

నేను పోయి ఆ కంప్యూటర్ ముంగట కూసున్న.

అప్పుడు షరతులు తీసి చదివిన. ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాలల్ల, 'మీ అనుభవాన్ని మెరుగుపరిచేందుకు' మీరు కొట్టేదంత తీసుకుంటమని రాసే ఉన్నది. ఇంట్ల జొర్రి పెట్టె తెరిచేటోడు గూడ ఇంత మర్యాదగ మాట్లాడడు. తీసేద్దామంటే మామ, "ఉచితంగ వచ్చినదాన్ని ఎవలన్న తీస్తరానే?" అని మొత్తుకున్నడు. అయినా తీసిన. పోయేముందు అది 'మమ్మల్ని ఎందుకు వదులుతున్నారు? వివరంగా రాయండి' అని అడిగింది. కడుపుల ఉన్న తిట్లన్ని వివరంగనే రాసిన (అవి గూడ మూటగట్టుకొనే పోయింది, సిగ్గులేనిది).

మూడు రోజులు అత్తాకోడండ్లకు మాటల్లేవు. నాలుగోనాడు ఇద్దరూ కలిసి వచ్చిండ్రు. "నా కొడుకును చూసి నాలుగేండ్లాయె. ఇదొక్కతే పోతదా? నాకు గూడ పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు పెట్టు," అన్నది అత్త. ఎనుక వదినె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతుండె.

ఆ పాస్‌పోర్ట్ వచ్చేదాక వదినె మళ్ల మెయిల్ జోలికి పోలే. కాయితం, పెన్ను తెచ్చుకొని అదే మూలకు కూసొని ఉత్తరాలు రాసుకునేది. "జర అటు తిరుగు పిల్లా," అనేది. నేను గోడదిక్కు తిరిగి, కండ్లు గట్టిగ మూసుకొని, పెన్ను చప్పుడు గూడ వినవడొద్దని చెవులల్ల ఏళ్లు పెట్టుకునేదాన్ని. ఎదురుంగ గోడ తప్ప ఏం లేకున్నా, అప్పటి నాలోని ఆ పిల్ల ఎంత నిష్ఠగ కాపలా కాసిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తది; దాని మీద జర ముద్దు గూడ వస్తది.