లచ్చన్న చెప్పని మాట

కొన్నేళ్లుగా ఒక మాటను కక్కలేక మింగలేక తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అరకు వైపు ఒక వార్తల చానల్‌కి విలేకరిని. పెద్ద చానలేం కాదు, ఫోన్లో చూసేదే. ఒక వేసవి ఉదయం బండి మీద వెళ్తుంటే గెడ్డలో, అదే కొండవాగులో, చేపలు వెల్లకిలా తేలి కనిపించాయి. ఫొటో తీశాను. "గెడ్డ నీళ్లలో విషం కలిపారు, తాగకండి" అని అక్కడే నిలబడి పెట్టేశాను. ఎవరినీ అడగలేదు. అడిగేలోపు ఇంకొకడు పెట్టేస్తాడేమోనని నా తొందర.

కాసేపటికి గట్టు దిగి లచ్చన్న వచ్చాడు. పై గూడెంలో రైతు, నాకు తెలిసినవాడే.

"ఇసం గాదు బాబూ. సేపల కోసం సెట్టు సెక్క దంచి యేసినాం. మా తాతల కాడ్నించీ సేత్తన్నదే. మజ్జానానికి నీళ్లు మామూలైపోతాయి."

నాకు తెలియని సంగతా అది? ఇన్నేళ్లు ఈ కొండల్లో తిరిగినవాణ్ణి, చెక్క రసానికి చేపలు మత్తెక్కి తేలతాయని నాకు తెలియదా? చూడగానే తట్టాల్సింది. పోనీ, అప్పుడైనా వార్త తీసేస్తే సరిపోయేది. కానీ ఫోను మోగుతూనే ఉంది, జనం చూస్తున్నారు, ఒకరికొకరు పంపుకుంటున్నారు, నా పేరు ఊరూరా తిరుగుతోంది, ఆ కాస్త గొప్ప వదులుకోవడానికి నాకు మనసు రాలేదు. ఉంచేశాను.

కింది ఊళ్ల తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఏడుపులు మాత్రం విన్నాను.

సాయంత్రం స్టేషన్‌కి పిలిచారు. జనాన్ని బెదరగొట్టే అబద్ధపు వార్త వేస్తే నేరమని, జైలుకు కూడా పోవచ్చని ఎస్సై అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాడు. పెళ్లాం పిల్లలు గుర్తొచ్చారు. కాదు, అది సాకు. భయపడ్డాను, అంతే.

"లచ్చన్న చెప్పాడండి" అన్నాను.

అతన్ని తీసుకుపోయారు. వదంతి పుట్టించాడని కేసు పెట్టారు. చేతిలో ఫోనైనా లేని మనిషి! నేను సాక్షినయ్యాను.

మొన్న వాయిదాకి వెళ్లి వస్తూ సంతలో కనిపించాడు. మునుపటిలాగే దండం పెట్టాడు. నేను చదువుకున్నవాణ్ణని పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు.

"కోర్టులో సదివింది నాకు అర్దం అవనేదు బాబూ. నేనేటి సెప్పినానంటన్నారు?"

టీ తాగుదాం రమ్మన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా టీయే తాగించాను.

రేపు వెళ్లి జడ్జిగారి ముందు నిజం చెబుతానా? తెలియదు. చెబుతానని రాసి మిమ్మల్ని కూడా మోసం చెయ్యను. కానీ ఇది రాస్తుంటే ఇన్నాళ్లకి ఊపిరి కాస్త ఆడుతోంది. లచ్చన్న విషమని చెప్పలేదు. కాదనే చెప్పాడు.