దాదీ కుడివైపు తిరిగే దాకా

మా చిన్నప్పుడు మాకూ దాదీ వాళ్లకూ కలిపి ఒకటే వరండా... నాందేడ్ రైల్వే క్వార్టర్లలో. మా నాన్న నిజామాబాద్ నుంచి బదిలీ మీద వచ్చాడు. పక్కింటి చాచా గూడ్సు బండి గార్డు. ఆయన తల్లే దాదీ. పుట్టిల్లు తెలుగు సరిహద్దున, దెగ్లూర్ దగ్గర మర్ఖేల్ కాబట్టి మాతో సమానంగా తెలుగు మాట్లాడేది.

ఏడేళ్లప్పుడు ఒకసారి ఆటలో పడి, నమాజు చేస్తున్న దాదీ ముందు నుంచే తుర్రుమన్నాను. అమ్మ చూసి చెవి మెలిపెట్టింది. దాదీ మాత్రం నమాజు ముగించాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"మొక్కేటోళ్ల ముందలికెళ్లి పోవద్దు బిడ్డా. గీ గడప కాడ నిలవడు. నేను కుడిపక్కకు తిరిగి సలాం జెప్త, మల్ల ఎడమపక్కకు జెప్త. గప్పుడు లోపటికి రా."

"ఎవరికి జెప్తవ్ దాదీ?"

"మన భుజాల మీద ఫరిష్తాలుంటరు, దేవుని దూతలు. ఆళ్లకు. నువ్వు గా పక్కనే నిలవడ్తవ్ గద, నీకు గూడ పడ్తది తియ్."

ఇక అదే నా ఆట. బడి నుంచి రాగానే పలక సంచి పారేసి ఆ గడప దగ్గర నిలబడేదాన్ని. గడప సరిగ్గా ఆమెకు కుడివైపు. వంగడం, నుదురు నేలకు ఆనించడం, లేచి కూర్చోవడం... అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. చివరికి ఆ ముఖం నావైపు తిరిగేది. బోసినోట్లో చిన్న నవ్వు. మొదటి సలాం నాకే అని తెగ మురిసిపోయేదాన్ని.

దాదీ కూడా అంతే... మా అమ్మ హారతి ఇచ్చేటప్పుడు వస్తే చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుని, గంట మోత ఆగేదాకా బయటే నిలబడేది. ఇదేదో గొప్ప సంగతని మాకెవరికీ తోచలేదు. అప్పట్లో అది మామూలే.

నాకు పదేళ్లప్పుడు ఒక సాయంత్రం అమ్మ బియ్యప్పిండితో సర్వపిండి రొట్టె కాల్చింది. దాదీకి అదంటే ప్రాణం.

"ఉడుకుడుకున్నప్పుడే ఇచ్చిరా పో. సల్లగైతే గట్టిపడ్తది, ఆమెకు నమలరాదు" అని స్టీలు ప్లేటు చేతికిచ్చింది.

వెళ్లేసరికి దాదీ నమాజులో ఉంది. నుదురు చాపకు ఆనించి ఉంది. నేను గడప దగ్గర ఆగిపోయాను.

ఆ మధ్య ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. లేవడానికి ఆలస్యమవుతుందిలే అనుకున్నాను. ప్లేటు చురుక్కుమంటుంటే గౌను అంచుతో పట్టుకున్నాను. కాసేపటికి ఆ చురుకు తగ్గింది. ఇంకాసేపటికి ఉత్త చేత్తో పట్టుకోగలిగాను... దాదీ లేవలేదు.

పిలుద్దామని నోటిదాకా వచ్చింది. నమాజు చెడిపోతుందేమోనని మింగేశాను. దేవుడికి చెప్పుకోవాల్సింది చాలా ఉందేమో అనుకున్నాను. కాలు నొప్పి పుడితే రెండో కాలి మీదికి మారాను.

పిండి పూర్తిగా చల్లారిపోయింది.

అప్పుడు వచ్చింది చాచీ, దాదీ కోడలు, నల్లా దగ్గర నుంచి బిందెతో. లోపలికి ఒక్కసారి చూసి బిందె వదిలేసింది. నీళ్లు గడప దాటి నా కాళ్ల మీదికి వచ్చాయి.

"అమ్మీ... అమ్మీ, లేవుండ్రి" అని భుజం పట్టుకుంటే దాదీ అటువైపు, ఎడమపక్కకు ఒరిగిపోయింది.

చాచీ నావైపు చూసింది. "నువ్వెప్పుడచ్చినవ్ బిడ్డా?"

"ఇప్పుడే చాచీ."

డాక్టరు వచ్చి పెదవి విరిచాడు. సజ్దాలో, అంటే దేవుడికి నుదురు ఆనించి ఉండగా, ప్రాణం పోవడం అందరికీ దొరికే అదృష్టం కాదని వచ్చినవాళ్లంతా అన్నారు. చాచీ ఏడుస్తూనే నన్ను దగ్గరికి తీసుకుని వాళ్లకు చూపించింది. "గీ పిల్లను జూడుండ్రి. నమాజ్ ఖరాబ్ గావద్దని లోపటికి రాకుంట ఎంత అదబ్ తోని, మర్యాదగ నిలవడ్డదో." ఆమె తల నిమిరిన ప్రతిసారీ నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

మా అమ్మ ఒక్కతే నా చేతిలోంచి ప్లేటు తీసుకుంది. పిండిని వేలితో ముట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఏమీ అడగలేదు... ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు.

మరుసటి ఏడు చాచాకు బదిలీ అయింది. మళ్లీ కలవలేదు. పిలిచి ఉంటే దాదీ బతికేదా? పెద్దయ్యాక ఒక డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. అవునన్నా, కాదన్నా బాగుండేది.

పోయిన వారం రైల్లో వస్తున్నాను. ముద్ఖేడ్ దాటాక ఒక పెద్దాయన బెర్తుల మధ్య దారిలో తువ్వాలు పరుచుకుని నమాజు చేస్తున్నాడు. దాటకుండా మా బెర్తు దగ్గరే ఆగాను, నా వెనక సూట్‌కేసుతో ఒక కుర్రాడు. "ఆంటీ, జర జరుగుండ్రి, స్టేషనొస్తుంది."

"జర ఆగు నాయినా. ఇప్పుడే అయిపోతది."

ఆ అబ్బాయి సూట్‌కేసు కింద పెట్టి ఆగాడు. కానీ పెద్దాయన నుదురు ఆనించి ఎంతకీ లేవడం లేదు. ఈసారి పిలిచేస్తాను, ఎవరేమనుకున్నా సరే అని నోరు తెరిచాను... లేచి కూర్చున్నాడు. నెమ్మదిగా కుడివైపు తిరిగాడు. అటువైపు ఉన్నది నేనే.

అందరిముందే వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం ఆ కుర్రాడు నీళ్ల బాటిలిచ్చాడు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అన్ని తలుపులూ మూసే ఉంటాయి. ఎవరు ఏ వేళ దేవుణ్ని తలుచుకుంటారో పక్కవాళ్లకు తెలియదు. ఆగడానికి గడపలే లేవు. మీరెప్పుడైనా ఎవరి ప్రార్థన కోసమైనా అలా ఆగారా? ఆగి ఉంటే కింద రాయండి, చదువుకుంటాను...

చాచీ, ఇది ఎప్పుడైనా మీ కంటపడితే... ఆ రోజు 'ఇప్పుడే' అన్నాను కానీ, నేను అప్పుడే రాలేదు. పిండి చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.