పిడికెడు బియ్యం తీయని పొద్దు

నేను చెప్తున్నాను, నా కోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కొని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. నా మాటల్ని కొంచెం పుస్తకంలో ఉండేటట్టు దిద్దుతానంటే సరే అన్నాను. మనుషులు ఒకరితో ఒకరు అనుకున్న మాటలు మాత్రం ఎట్లా అన్నారో అట్లే ఉంచమని చెప్పాను.

ముందు బియ్యం సంగతి చెప్పాలి. మా చర్చికి వచ్చే ఆడవాళ్లం అన్నం వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తాం. ఆదివారం ఆ డబ్బా తీసుకుపోయి చర్చిలో ముందర పెట్టిన సంచిలో కుమ్మరిస్తాం. అది దేవుని బియ్యం. మా పాస్టరు గారింట్లో అదే వండుకుంటారు. సంఘంలో ఎవరింట్లోనన్నా చావు జరిగితే ఆ ఇంటికి అందులోంచే పోతుంది. ఒకరివి రేషను బియ్యం, ఒకరివి కొన్నవి, ఒకరివి పాతవి, ఒకరివి కొత్తవి, అన్నీ ఒకే సంచిలో. పాస్టరు గారి భార్యను మేం అమ్మగారు అంటాం. "మీ అందరి బియ్యం ఒక్క గిన్నెల పోత్తే సగం ఉడుకుతయి, సగం నన్ను చూసి నవ్వుతయి" అంటుంది ఆమె.

ఈ అలవాటు నాకు మా అత్త నేర్పింది. ఆ ఇంట్లో మొదట దేవుణ్ని నమ్ముకున్నది ఆమే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా చెయ్యి పట్టుకొని బియ్యంలో పెట్టించింది. "ఉత్తగ తియ్యకు. నీ కంచంల నుంచి తీసినట్టు తియ్యాలె. తీసేటప్పుడు మాట్లాడాలె" అంది. మాట్లాడవలసిన మాటలు కూడా ఆమే చెప్పింది. ప్రభువా, ఇది నీది, మిగిలింది మాకు సాలేటట్టు చెయ్యి, ఇంట్ల అందర్ని సల్లగ సూడు. అంతే. పిడికిలి మూసి ఆ మాటలు అనుకొని, తెరిచి డబ్బాలో పోస్తే అయిపోయినట్టు. చదవడం రాని నాకు అదే బైబిలు, అదే ప్రార్థన.

పైకి ప్రార్థన చెయ్యడం నాకు ఎప్పుడూ సిగ్గే. మార్కెట్ యార్డులో మిర్చి తొడిమలు తీసే పని చేసీ చేసీ, ఆ ఘాటుకు నా గొంతు బొంగురుపోయి అట్లే ఉండిపోయింది. నేను పాట ఎత్తుకుంటే ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. పిడికిట్లో బియ్యం ఉన్నప్పుడు గొంతుతో పని లేదు. లోపల అనుకుంటే చాలు.

నా భర్త అదే యార్డులో హమాలీ. చర్చికి వచ్చేవాడు కాదు, నన్ను పోవద్దనీ అనలేదు. పరాచికాలు మాత్రం ఆడేవాడు. "ఏమే, మీ దేవునికి రోజూ పిడికెడేనా? నేను మోసే బస్తాలల్ల ఒకటి ఎత్తుకపొమ్మను. ఆయనకూ నిమ్మళం, నా నడుముకూ నిమ్మళం." అట్లా అన్నవాడే, నేను పనికి పోయే తొందరలో ఉంటే గుమ్మంలో నిలబడి "తీసినవా?" అని అడిగేవాడు. ఆయనకు నమ్మకం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

ఆయనకు కిడ్నీలు చెడిపోయి పెద్ద దవాఖానలో పడ్డప్పుడు నేను వార్డు బయట వరండాలో ఉన్నాను. ఎవరో పుణ్యాత్ములు వచ్చి అన్నం పొట్లాలు పంచితే తిన్నాను. పొయ్యి లేదు, వంట లేదు, పిడికెడు లేదు. ఒక పొద్దున ఆయన కళ్లు తెరిచి, ఇంట్లోనే ఉన్నాననుకొన్నాడేమో, "తీసినవా?" అన్నాడు. "ఏడికెళ్లి తియ్యాలె?" అన్నాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ దవాఖానలోనే పోయాడు.

పిడికెడు ఆగిన రోజుల్లోనే మనిషి పోయాడు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఇంటికి వచ్చి మళ్లీ బియ్యం తీయడం మొదలుపెట్టాక, ఆ ఆలోచన కూడా ఆ డబ్బాలోనే మూతపడి ఉండిపోయింది.

ఇప్పుడు నేను కొడుకు, కోడలితో ఉంటున్నాను, ఖిలా వరంగల్ దగ్గర. కొడుకు ఆటో నడుపుతాడు. పొయ్యి దగ్గర నాకు కళ్లు తిరగడం మొదలైతే కోడలు దవాఖానకు తీసుకుపోయింది. షుగర్ బాగా ఎక్కువైందన్నారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, నా చెయ్యి పట్టుకొనే గట్టిగా చెప్పింది. "అన్నం బందు పెట్టాలె అమ్మా. జొన్నరొట్టె తిను. ఫికర్ చెయ్యకు, అలవాటైతది." అన్నం లేకపోతే బతకనని కాదు నా ఫికర్. ఆమెకేం తెలుసు?

మరునాడు కోడలు గ్లాసుతో బియ్యం కొలిచి కుక్కర్‌లో పోసింది. ఇద్దరికి. అందులో నా కంచం లేదు. నేను పక్కన నిలబడ్డాను, చెయ్యి లేవలేదు. నాది కానిదాన్ని ఇది నీది అని ఎట్లా ఇవ్వాలి? ఆమె నీళ్లు పోసింది, కుక్కర్ మూత పెట్టింది. ఆ రోజంతా ఇంటికి తాళం వెయ్యకుండా ఊరికి పోయినట్టుంది నాకు. సాయంత్రం కొడుకు ఆటో రావడం ఆలస్యమైతే గేటు దగ్గరకు పోయి నిలబడ్డాను. అప్పుడు పెద్ద దవాఖాన వరండా గుర్తుకొచ్చింది. అప్పుడు పిడికెడు ఆగితే ఆయన పోయాడు. ఇప్పుడు ఆగింది. ఇప్పుడు ఎవరు?

కొడుకు వచ్చాడు. స్టేషను దగ్గర గిరాకీ దొరికిందట. "ఏందవ్వా, గేటు కాడ కావలి కాత్తానవా?" అని నవ్వి లోపలికి పోయాడు.

నాకు నవ్వు రాలేదు. మరునాటి నుంచి కోడలు అటు తిరిగినప్పుడు నీళ్లు పొయ్యకముందే కుక్కర్‌లోని బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి కొంగులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. నా కంచంలోది కాదు, అయినా తీశాను. మాటలు అనుకోవడానికి కూడా తీరిక లేదు, దొరికిపోతానని భయం. దేవునికి ఇచ్చేది దొంగతనంగా ఇవ్వడమేమిటని ఒకపక్క. కొడుకు క్షేమంగా తిరిగివస్తున్నాడు కదా అని ఇంకోపక్క.

నేను ఆలోచించని సంగతి ఒకటుంది. కోడలు గ్లాసు లెక్కకు నీళ్లు పోస్తుంది. బియ్యం తగ్గితే నీళ్లు ఎక్కువైనట్టే కదా. రోజూ అన్నం ముద్దయ్యేది.

"ఇది అన్నమా, గోడకు పెట్టే లప్పమా?" అన్నాడు కొడుకు.

"బియ్యం మారినయి. నన్నేం చెయ్యమంటవ్?" అంది కోడలు. బియ్యం షాపాయనను తిట్టుకుంది. నీళ్లు తగ్గించి చూసింది, అన్నం కుదిరింది. ఆ మరునాడు నేను రక్తం పరీక్షకు పొద్దున్నే పోయాను, పిడికెడు తీయలేదు. అన్నం పలుకైంది.

"నిన్న మంచిగనే ఉండె. ఇయ్యాల గులకరాళ్లు పెట్టినవ్. నీకు బుద్ధి పుట్టినట్టు వండుతవా ఏంది?" అని కొడుకు.

కోడలు తెలివైన పిల్ల. డిగ్రీ చదివింది. ఆ మరునాడు అటు తిరిగినట్టే తిరిగి గిరుక్కున ఇటు తిరిగింది. నా చెయ్యి కుక్కర్ మీదే ఉంది.

"అత్తమ్మా, పిడికిట్లేంది?"

"ఏం లే."

"ఏం లేకపోతే కిందికెందుకు రాలుతానయి?"

ఆమె ముందు పడీపడీ నవ్వింది. మొగుడు తనను అన్న మాటలన్నీ ఇక నేనే పడాలంది. తర్వాత ఎందుకు తీస్తున్నావని అడిగింది. చెప్పాను. వాళ్ల మామ సంగతి, దవాఖాన సంగతి, గేటు దగ్గర నిలబడ్డ సంగతి, అంతా చెప్పాను. అప్పుడు నవ్వడం ఆపింది.

"నాకు ముందే చెప్తే ఒక పిడికెడు ఎక్కువ కొలుద్దును గద."

"ఎక్కువ కొలిచింది ఎవరి కంచంలది బిడ్డా? దాంతోని ఎవరికి తక్కువైందట?"

ఆమె కింద రాలిన గింజలు ఏరింది. "నువ్వు అడిగేటియి గిట్లనే ఉంటయి" అంది.

కోడలికి పద్ధతి ఉంది. తెల్లవారకముందే లేచి, ఫోనులో బైబిలు చదువుకొని, కళ్లు మూసుకొని కూర్చుంటుంది. నన్ను కూడా కూర్చోమని చాలాసార్లు చెప్పింది. కూర్చుంటే నాకు నిద్రొస్తుంది. జొన్నపిండి నా కంచంలోదే కాబట్టి అదే పిడికెడు తీసి చూశాను. పిడికిలి మూస్తే వేళ్ల సందులోంచి జారింది, తెరిస్తే అరచేతికి అంటుకుంది. చెయ్యి కడుక్కోవడమే సరిపోయింది, మాటలు రాలేదు. చర్చి సంచిలో పిండి పోస్తే అమ్మగారు ఏమంటుందో కూడా తెలియదు.

ఆమెనే అడుగుదామని పోయాను. వాకిట్లో కూర్చొని, మేమిచ్చిన బియ్యమే చాటలో పోసుకొని రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చొని నేనూ ఏరాను. ఏరుతూ ఏరుతూ అడిగాను.

"పిడికెడు ఆగితే దేవుడు మనుషులను తీసుకపోతడా అమ్మగారు?"

ఆమె చెయ్యి ఆగింది. "ఎవరన్నరు నీకు?"

"ఎవరూ అనలే. నాకే అనిపిస్తాంది."

"మీ ఆయనకు కిడ్నీలు పోయినయి అక్కా. బియ్యానికి, దానికి ఏం సంబంధం?"

"సంబంధం లేకుంటే ఇన్నేండ్లు అందర్ని సల్లగ సూడుమని బియ్యం పట్టుకొని ఎందుకడిగిన? మంచిగున్నన్ని రోజులు బియ్యం వల్లనే అనుకున్న. చెడ్డగైననాడు బియ్యం వల్ల కాదంటే ఎట్ల?"

అమ్మగారు మంచి మనిషి. తెలియని దాన్ని తెలుసని చెప్పదు. చాటలోంచి ఒక రాయి తీసి దూరంగా విసిరింది. "నాకు తెల్వదక్కా. నువ్వు ఆ దేవుణ్నే అడుగరాదు?"

"రోజూ అడుగుతనే ఉన్న."

"అది అడుగుడా? మీ అత్త నేర్పింది అప్పజెప్పుడు. బడి పిల్లలు పద్యం చెప్పినట్టు. నీకేం గావాల్నో ఒక్కనాడన్న నీ నోటితోని అడిగినవా?"

నాకు కొంచెం కోపం వచ్చింది. ఇన్నేళ్లు నేను చేసింది లెక్కలోకి రాదా? దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చేసరికి కోపం పోయి భయం మిగిలింది. ఆమె అన్నది నిజమైతే, ఇన్నేళ్లు నేను ఎవరితో మాట్లాడినట్టు? దేవునితోనా, బియ్యంతోనా, చచ్చిపోయిన మా అత్తతోనా?

మరునాడు పొద్దున కోడలు బియ్యం కొలుస్తుంటే "ఇయ్యాల నేను తియ్య" అని చెప్పి వెనక వాకిట్లోకి పోయాను. అక్కడ పక్కింటి గోడ, బట్టల తీగ తప్ప ఏమీ లేవు. ఉత్త చేతులతో నిలబడ్డాను. ప్రభువా, ఇది నీది, అన్నాను. ఏది? చేతిలో ఏమీ లేదు. మిగిలింది మాకు సాలేటట్టు చెయ్యి, అన్నాను. దేంట్లోంచి మిగిలింది? ఆ మాట కూడా నిలబడలేదు. ఇక ఒక్కటే ఉంది, అందర్ని సల్లగ సూడు. అది నోటిదాకా వచ్చి, వేరే మాటై బయట పడింది.

ఎందుకు సూడలే?

పైకే అన్నాను. నా గొంతుతోనే. అన్నాక ఆగలేకపోయాను. బస్తాలు మోసీ మోసీ నడుము పోయినవాడు, ఎవరి సొమ్మూ తిననివాడు, వాణ్ని ఎందుకు సూడలే? పిడికెడు తప్పినందుకేనా? నేను దవాఖాన వరండాలో ఉన్నానని నీకు తెలియదా? అందుకే అయితే చెప్పు, నీకు నేను భయపడే బతుకుతా. అందుకు కాకపోతే అదన్నా చెప్పు. నా కొడుకు రోజంతా రోడ్డు మీద తిరుగుతాడు. వాడి మీద చెయ్యి వెయ్యకు. ఇవన్నీ అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి రాయొద్దన్నాను కోడల్ని.

జవాబు రాలేదు. చాలామంది జవాబు వచ్చిందని చెప్తారు. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు, నాతో మాట్లాడాడు అంటారు. నాకు ఏమీ వినిపించలేదు. పక్కింట్లో మోటారు మోగింది, మా కుక్కర్ కూత పెట్టింది. అంతే.

అది ప్రార్థనో, తిట్టడమో నాకు తెలియదు. క్షమించుమని అడగాలా అని కూడా ఆలోచించాను. కానీ అట్లా అడిగితే నేను అన్నది అబద్ధమవుతుంది. అది అబద్ధం కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. బియ్యం పట్టుకున్నప్పుడు అవతల ఎవరన్నా ఉన్నారా అని నేను ఎన్నడూ ఆలోచించలేదు. డబ్బా ఉండేది, అది చాలు. ఆ పొద్దున మాత్రం ఎవరో వింటున్నారని భయమేసింది. లేనివాళ్లకు భయపడతామా? ఏమో, దయ్యాలకు కూడా భయపడతాం కదా. నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కూడా గేటు దగ్గర నిలబడ్డాను. కొడుకు వచ్చాడు. వచ్చాడు కాబట్టి దేవుడు కోపగించుకోలేదు అనుకోబోయి, ఆ మాటను మధ్యలోనే పట్టుకున్నాను. అట్లా అనుకుంటే రేపు ఆలస్యమైతే మళ్లీ మొదటికే వస్తాను. అనుకోకుండా ఉండడం కూడా చేతకాలేదు.

ఇప్పుడు కోడలు తన కంచంలోది తగ్గించుకొని పిడికెడు తీస్తోంది. నేను చెప్పలేదు. నా బదులు తీస్తోందో, తన కోసమే తీస్తోందో అడగలేదు. ఏం అనుకుంటుందో కూడా అడగలేదు. ఆదివారం డబ్బా ఆమే పట్టుకొస్తుంది, నేను ఉత్త చేతులతో వెనకాల పోతాను. మా సంఘం ఆడవాళ్లు నా చేతుల వంక చూస్తారు.

రోజూ పొద్దున వెనక వాకిట్లోకి పోతూనే ఉన్నాను. మొన్న లోపలికి వచ్చేసరికి కోడలు కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"గింతసేపు ఏం మాట్లాడినవ్ అత్తమ్మా?"

"కొట్లాడిన."

"దేవునితోనా?"

"ఇంకెవరున్నరు ఆడ?"

"మరి ఎవలు గెలిచిండ్రు?"

"ఏడ గెలుత్తం బిడ్డా. ఆయన నోరే తెరుస్తలేడు. రేపు మళ్ల పోవాలె."