ప్రతి నెలా వచ్చే ఖలీల్ చాచా

ఈ రోజు మెదక్ బస్టాండు దగ్గరి ఒక కిరాణా దుకాణంలో కూర్చుని కోడ్ రాశాను. ఏ కస్టమర్ ఏ నెలలో మొదటిసారి కొన్నాడు, తర్వాత ఎన్ని నెలలు వచ్చాడు అని గుంపులు కట్టే పని. మనుషుల్ని అంకెలు చేసే ఈ పనంటేనే నాకు ఒళ్ళు మంట.

ఒక్క నెల కూడా తప్పనివాళ్ళలో మా గల్లీ ఖలీల్ చాచా పేరు కనిపించింది. పోయినేడు ఆయన చనిపోతే జనాజా వెంట నేనూ నడిచాను. కోడ్ తేదీలు తప్పుగా చదివిందేమోనని మళ్ళీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి బిల్లు నిన్నటిది. కోపం వచ్చింది.

"ఏం సేట్, సచ్చిపోయినోళ్ళ పేరు మీద దొంగ బిల్లులు కొడ్తున్నరా?" అని ఓనర్ మీదికి లేచాను.

"జర కూసో. ఆయన భార్య, మన చాచీ, వచ్చి బిల్లుకు ఆయన ఫోన్ నంబరే చెప్తది. పేరు మారుస్తనంటే వద్దన్నది. 'ఖలీల్ గారేనా?' అని నేనడగాలె. 'హా, ఆయనే' అన్నంకనే సంచి పట్టుకుంటది."

పోయినవాళ్ళను లెక్కలోంచి తీసేయడానికి కోడ్‌లో ఒక్క లైను చాలు. చెయ్యి రాలేదు. చాచీ ఆ మాట అంటుంటే నేను వినలేదు, అయినా ఇంటికొచ్చాక కూడా చెవిలో మోగుతూనే ఉంది.

మీరైతే ఆ లైను రాస్తారా? రాస్తామనేవాళ్ళు ముందు చాచీ ఎదుట నిలబడి, ఆయన ఇక రాడని చెప్పి రండి.